వదిన మిషను మీది బంగారు పూలు

మా వదిన కుట్టుమిషను మీది బంగారు పూలు చెరిపింది నేను. ఐదేళ్లపాటు ఆ మాట బయటపెట్టలేదు. నింద మా అమ్మ మోసింది. చుట్టాల్లో కొందరు ఇప్పటికీ అమ్మే అనుకుంటున్నారు కాబట్టి, నలభై దాటిన ఈ వయసులో రాసిపెడుతున్నాను.

అప్పుడు రెండో ప్రపంచయుద్ధం నడుస్తోంది. పుత్తూరులో అన్నావదినల దగ్గరే నేనూ అమ్మా ఉండేవాళ్లం. నాకు ఇరవై రెండేళ్లు. వదిన పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆ మిషను నల్లగా నిగనిగలాడేది. ఒళ్లంతా బంగారు రంగుతో అచ్చేసిన తీగలు, పూలు. రోజూ పని ముగిశాక పాత పంచె ముక్క మీద ఒక్క చుక్క మిషను నూనె వేసుకుని తుడిచేది. పూల దగ్గరికి రాగానే ఆమె చెయ్యి తేలికయ్యేది. తర్వాత పొడిగుడ్డ. నీటి చుక్క తగలనిచ్చేది కాదు. ఆయుధపూజకు సైతం గంధం, కుంకుమ కింది బల్లకే పెట్టేది.

"మిషనుకు బొట్టు పెట్టకుంటే ఎట్లమ్మా?" అనేది అమ్మ.

"బొట్టు తుడిస్తే పూలు గూడా వస్తాయత్తా. సామి బల్ల మీద్నుంచే సూస్తాడులే" అని వదిన నవ్వేది.

ఒక వస్తువును అంత ఓర్పుగా చూసుకున్న మనిషి నాకు మళ్లీ తారసపడలేదు.

ఆ ఏడు ఆయుధపూజ ముందురోజు, కుట్టిన రవికలు ఇచ్చిరావడానికి వదిన బయటికి పోయింది. అమ్మ పెరట్లో చింతపండు, బూడిదతో దీపపు కుందులు తోముతోంది. ఇత్తడి తళతళలాడడం చూసి, ఈ పూలూ అట్లాగే మెరుస్తాయి, వదిన మెచ్చుకుంటుంది అనుకున్నాను. అమ్మ నీళ్లకు పోయినప్పుడు కాస్త చింతపండు తెచ్చి మిషనును రుద్దాను. ఒక పక్క పూలు చేతికి ఊడివచ్చాయి. చింతపండు పిప్పి అంటిన మిషను మీద గుడ్డ కప్పి బజారుకు పోయాను.

తిరిగివచ్చేసరికి పండక్కి చుట్టాలు దిగి ఉన్నారు. వాళ్ల మధ్య వదిన కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"ఏందత్తా, ఇదేమన్నా చెంబనుకుంటివా?"

"నేను ముట్టనే లేదు తల్లీ!"

"ఈ ఇంట్లో చింతపండుతో తోమేవాళ్లు ఇంకెవరుండారు?"

అమ్మ నా వైపు చూసింది. నేను కాళ్లు కడుక్కునే నెపంతో పెరట్లోకి పోయాను.

ఆ తర్వాత అమ్మ, మిషను ఉన్న వదిన గదిలో అడుగు పెట్టలేదు. రవిక చిరిగితే వసారాలో కూర్చుని చేత్తో కుట్టుకునేది. మిగిలిన పూలను వదిన అదే నూనెచుక్కతో కాపాడుతూనే ఉంది.

ఐదో ఏడు అమ్మకు చూపు మందగించింది. సూదిలో దారం ఎక్కించమని నన్ను పిలిచింది. వదిన మిషన్లో కుడుతుంది కదా అన్నాను.

"ఆ పక్కకు నేను పోగూడదు గదప్పా" అంది మామూలుగా.

అమ్మ చెయ్యి పట్టుకుని వదిన గదిలోకి తీసుకుపోయాను.

"వదినా, ఆ పూలు చెరిపింది నేను. అమ్మ ముట్టనే లేదు" అన్నాను. అమ్మ వైపు తిరిగాను. "అందరి ముందర నిన్ను అంటావుంటే నోరు మూసుకున్యానమ్మా. తప్పయిపోయింది. నన్ను మన్నించు."