బొడ్డెత్తు

మా ఆయనకు ఏ వస్తువునూ ఉన్నది ఉన్నట్టు వాడుకోవడం చేతకాదు. కుర్చీ కనిపిస్తే ఇది మడిస్తే బాగుండును అంటాడు. మడిచే కుర్చీ కనిపిస్తే దీనికొక గొడుగుంటే బాగుండును అంటాడు. తిరుపతిలో రేణిగుంట రోడ్డు మీద ఆయనకొక షెడ్డు ఉండేది. కిటికీ గ్రిల్లులు, ఇనుప మంచాలు చేసి అమ్మేవాళ్లు. మాకు అన్నం పెట్టేవి అవే. ఆయన మనసు మాత్రం కొత్తగా ఏదైనా చెయ్యడం మీదే ఉండేది. కొండకు నడిచి వెళ్లే యాత్రికుల కోసం చేతికర్రలాగా పట్టుకుపోయి, అలసినప్పుడు విప్పి కూర్చునే స్టూలు చేశాడు. అలిపిరి దగ్గర అమ్మకానికి పెడితే మొట్టమొదట ఒక లావుపాటి పెద్దమనిషి దాని మీద కూర్చున్నాడు. తరువాతి సంగతి చెప్పక్కర్లేదు. ఇంకోసారి ట్రంకుపెట్టెకు చక్రాలు వేశాడు. రేణిగుంట స్టేషనులో ఆ పెట్టె నా చెయ్యి విడిపించుకుని ప్లాట్‌ఫారం మీద తన దారిన తాను వెళ్లిపోయింది.

నేను నవ్వేదాన్ని. నిజం చెప్పాలంటే ఆయన ఐడియాలు నాకు ముద్దుగానే ఉండేవి, ఆయన చూపు మా వంటింటి మీద పడనంతవరకు.

డెబ్బైల చివర్లో మా వీధిలోకి గ్యాసు వచ్చింది. అప్పటిదాకా అందరం కింద కూర్చుని వండేవాళ్లమే. గ్యాసు పొయ్యి సిలిండరు కంటే ఎత్తులో ఉండాలన్నారు కాబట్టి గట్టు కావలసి వచ్చింది. సొంతిల్లు ఉన్నవాళ్లు మేస్త్రీని పిలిచి కట్టించుకున్నారు. అద్దెకుండేవాళ్లు గోడ పగలగొడతామంటే ఇంటివాళ్లు ఊరుకుంటారా? మా ఆయనకు అక్కడ దారి దొరికింది. ఇనుప యాంగిళ్లతో మూడు వైపులా స్టాండు, పైన కడప బండ. ఎదురుగా పొయ్యి, ఎడమ చేతికి గిన్నెలు కడిగే తొట్టి, కుడి చేతికి డబ్బాలు పెట్టుకునే అరలు. బోల్టులు విప్పితే ఏ ముక్కకు ఆ ముక్క ఊడి వస్తుంది. ఇల్లు మారినప్పుడు వంటింటిని కూడా బండి మీద వేసుకుని పోవచ్చన్న మాట. అలాంటిది మా ఊళ్లో అంతకుముందు ఎవరూ కని విని ఎరగరు. "అడుగు తీసి అడుగు వేసే పని లేకుండా వంట" అని ఆయన కనిపించినవాళ్లందరికీ చెప్పేవాడు.

ఎత్తు ఎంత ఉండాలన్న దగ్గర వచ్చింది తంటా. వంటగట్టు బొడ్డు ఎత్తుకు ఉంటే నడుము నొప్పి రాదని ఆయన లెక్క. ఎక్కడ విన్నాడో తెలియదు గానీ ఆ లెక్క తప్పని నేను ఇప్పటికీ అనను. షెడ్డులో వెల్డింగు చేసే మనిషి టేపు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. నేను కొంగు నిండా కప్పుకుని వంటింటి గడపలో నిలబడ్డాను. వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్న మా అత్త తల ఎత్తింది.

"ఇది యాడన్నా ఉండాదా? ఇంటి కోడలికి బొడ్డు కాడ టేపు పెట్టేది" అంది.

వెల్డరు టేపును జేబులో దాచేసుకున్నాడు, పాపం. మా ఆయన నవ్వి, "సరేలే, నేను నిలబడతా. నన్ను కొలుసుకో అప్పా" అన్నాడు.

కొలతంటే కొలతే కదా, ఎవరి బొడ్డయితే ఏమి అనుకున్నాడో ఏమో. ఆయన తల వంచుకుంటే తప్ప గడప దాటలేని మనిషి. నేను ఆయన భుజం దాకా వస్తే గొప్ప. ఆ సంగతి అక్కడున్న ముగ్గురికీ కనిపిస్తూనే ఉంది, నాకు తెలిసే ఉంది. పరాయి మగవాడి ముందు బొడ్డు అన్న మాట నోటికి రాక ఊరుకున్నాను. వెల్డరు ఆయన చొక్కా మీది నుంచి కొలిచి, వెళ్లి షెడ్డు గోడ మీద సుద్దతో గీత గీశాడు. ఆ కొలతకు షెడ్డులో 'బొడ్డెత్తు' అని పేరు పడిపోయింది. ఎవరి బొడ్డు అని ఆ తరువాత ఎవరూ అడగలేదు.

స్టాండు వచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టి, పాలు పొంగించాం. పాలు పొంగడం నాకు కనపడలేదు. గిన్నె అంచు నా కళ్లకు సమంగా ఉంది. పొంగి పొయ్యి మీద పడిన చప్పుడు విని మొక్కుకున్నాను.

ఆ మర్నాటి నుంచి అవస్థ మొదలైంది. కూర కలపాలంటే మోచెయ్యి భుజం మీదికి లేపాలి. గంజి వార్చేటప్పుడు ఆవిరంతా మొహానికే. చేతుల మీద కాలిన మచ్చలు లేని రోజు లేదు. నడుము నొప్పి రాలేదన్న మాట నిజమే, భుజాలు మాత్రం పగలూ రాత్రీ సలిపేవి. "కాళ్లు జానెడు కోయించండి, మీకు పుణ్యముంటాది" అని ఆయన్ను అడిగాను.

"ఇది శాంపిలు మే. రేపట్నుంచి సూసేదానికి మనుషులొస్తారు. శాంపిలునే కోసుకుంటే సరుకు యాడ అమ్మేది? కొన్నాళ్లు పోతే అదే అలవాటైపోతాదిలే" అన్నాడు.

మా అత్తకు మోకాళ్ల నొప్పులు. కింద కూర్చోలేక ఎత్తు పీట ఒకటి చేయించుకుంది. ఒకనాడు నేను మునివేళ్ల మీద లేచి చారులో తాలింపు పెట్టడం చూసి, ఆ పీటను కాలితో తోసుకుంటూ వంటింట్లోకి తెచ్చింది. "ఎక్కమ్మే. ఈడ నిన్నెవరు సూడొస్తారు" అంది. టేపు వద్దన్నది తనేనని ఆమెకు గుర్తుందో లేదో నాకు తెలియదు. తన పీట నాకిచ్చి తను గోడకు ఆనుకుని కూర్చునేది. లేవాల్సి వచ్చినప్పుడల్లా నన్ను పిలిచేది.

పీట ఎక్కితే ఎత్తు కుదిరింది, మనిషికి కదలిక పోయింది. అడుగు తియ్యకుండా వంట అని ఆయన అమ్మకానికి అన్న మాట నా విషయంలో అక్షరాలా నిజమైంది. మూడు వైపులా స్టాండు, వెనక గోడ, కింద పీట. తొట్టి వైపు తిరగాలంటే నడుము మెలిపెట్టాలి. ఒకసారి పీట మీదున్న సంగతి మరిచిపోయి వెనక్కి అడుగు వేశాను, చేతిలో పప్పు గిన్నెతో సహా. పాదం మీద బొబ్బలు మానడానికి చాలా రోజులు పట్టింది. ఆ రోజుల్లో కూడా ఆ పీట మీదే నిలబడ్డాను. కుడితిలో పడ్డ ఎలుక అంటారే, ఆ ఎలుక పాట్లు నాకు అప్పుడు తెలిశాయి. పొద్దున లేచి వంటింటి వైపు చూస్తే ఏడుపొచ్చేది.

అది చాలనట్టు, చూడటానికి వచ్చినవాళ్ల ముందు వండి చూపించాల్సింది నేనే. మనుషులు వస్తున్నారనగానే అత్త వచ్చి నా కుచ్చిళ్లు కిందికి లాగి పీట కనపడకుండా సర్దేది. చూసేవాళ్లకు నేను ఆ స్టాండుకు తగిన పొడుగు మనిషిని. ఆయన బండ మీద చరిచి, "మా ఇంటామె నడుము నొప్పి సూళ్లేక చేసినానప్పా" అనేవాడు. ఆలికి అన్నం పెట్టి ఊరికి ఉపకారం చేశానన్నాడట, అట్లా ఉండేది ఆ మాట. నేను వెనక్కి తిరక్కుండా గరిటె తిప్పేదాన్ని.

స్టాండు బాగానే అమ్ముడుపోయింది. పక్క వీధిలో ఒకామె ఇంటికి పేరంటానికి వెళ్లాను. పసుపు కుంకుమ తీసుకుని మంచినీళ్లకని వంటింట్లోకి వెళితే మా స్టాండే, మా కడప బండే. కింద మామిడిపండ్ల చెక్కపెట్టె బోర్లించి ఉంది. నేను దాన్నే చూస్తున్నానని గమనించి ఆమె సిగ్గుపడింది. "నేను పొట్టి గదక్కా. నా కర్మ" అంది.

ఆమె నాకంటే నాలుగు వేళ్లు పొడుగు. ఆ తరువాత ఎవరింటికి వెళ్లినా నా కళ్లు ముందు స్టాండు కిందికే పోయేవి. ఒక ఇంట్లో ఇటుకలు, ఒక ఇంట్లో పిల్లల స్టూలు. ఎవరికి వారు తామే పొట్టి అనుకుని, వచ్చినవాళ్లకు కనపడకుండా చీర సర్దుకుని వండుతున్నారు. నాకు ముందు నవ్వొచ్చింది, తరువాత ఒళ్లు మండింది. ఇంటికొచ్చి ఆయనతో చెబితే, "కొన్నోళ్లలో ఒక్కరన్నా వచ్చి అడిగినారా?" అన్నాడు. ఎవరు అడుగుతారు? కొన్నది మగవాళ్లు.

అంతలో పెద్ద బేరం తగిలింది. రేణిగుంట దగ్గర కొత్తగా పెట్టిన ఒక ఫ్యాక్టరీవాళ్లు పనివాళ్లకు క్వార్టర్లు కడుతున్నారు. అన్ని వంటిళ్లలోనూ మా స్టాండే పెట్టిస్తే ఎట్లా ఉంటుందని మేనేజరు, ఆయన భార్య చూడటానికి వస్తామన్నారు. ఆయన కాలు నేల మీద నిలవలేదు. "ఈ ఆర్డరు వచ్చిందంటే కాళ్లు కోసేదానికి అచ్చు చేపిచ్చేస్తా మే. ఇంక కొలిసే పనే ఉండదు. అన్నీ బొడ్డెత్తే" అన్నాడు.

ఎప్పుడో ఒకప్పుడు మాట వినకపోతాడా, కోయించకపోతాడా అని ఒక మూల ఆశ ఉండేది. అచ్చు పడితే ఇక అంతే. నా సంగతి అట్లా ఉంచి, ఆ క్వార్టర్లలో కాపురానికి వచ్చే ఆడవాళ్లందరూ ఇటుకలు వెతుక్కుంటారు. వాళ్లు కూడా తామే పొట్టి అనుకుంటారు. అది నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించింది.

వాళ్లు వచ్చేసరికి నేను పీట మీద నిలబడి దోసె పోస్తున్నాను. అత్త కుచ్చిళ్లు సర్ది పక్కకు తప్పుకుంది. మేనేజరు వంగి బోల్టులు చూశాడు, యాంగిలు మందం అడిగాడు. మా ఆయన అన్నిటికీ జవాబులు చెబుతున్నాడు. మేనేజరు భార్య మాత్రం వాళ్ల మాటలు వినకుండా నా దగ్గరికి వచ్చి, "మీకు నిజంగా హాయిగా ఉందామ్మా?" అని అడిగింది.

వచ్చినవాళ్లెవరూ అంతవరకూ నన్ను అడగలేదు. నేను దోసె తిరగేసి, అట్లకాడ పక్కన పెట్టి, పీట దిగాను.

వాళ్లు చూస్తుండగానే జానెడు పొట్టి అయిపోయాను. బండ నా రొమ్ముల దాకా వచ్చింది. ఆవిడ కిందికి చూసి పీటను చూసింది. నా పక్కన వచ్చి బండకు ఆనుకుని నిలబడింది. ఆవిడకూ బండ రొమ్ముల దాకానే వచ్చింది. భర్త వైపు తిరిగి, "ఇది మగవాళ్లు వండుకునే పొయ్యా అండీ?" అని పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. దోసె మాడిన వాసన వస్తున్నా ఎవరూ దాని జోలికి పోలేదు. ఆలోచించి చెబుతామని వాళ్లు వెళ్లిపోయారు.

రోట్లో తల పెట్టి రోకటిపోటుకు వెరవడం ఎందుకని నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆయన తిట్టలేదు. నేను దిగిన పీటను, స్టాండును మార్చి మార్చి చూశాడు. "నువ్వు దిగింది మంచిదే అయింది మే" అని షెడ్డుకు వెళ్లిపోయాడు. ఆ తరువాత కొన్ని రోజులు అన్నానికి కూడా వేళకు రాలేదు. షెడ్డులో మళ్లీ కొలతలు వేస్తున్నారని తెలిసి నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. మనిషి మొండివాడైనా బుద్ధిమంతుడే అని అత్తతో అన్నాను కూడా.

ఒకరోజు ఆయన వెల్డరును వెంటబెట్టుకుని వచ్చాడు. వెల్డరు ఒక ఇనుప రేకును నేల మీద పరిచి, "అక్కా, రెండు కాళ్లూ దీని మీద పెట్టు" అన్నాడు. నా పాదాల చుట్టూ సుద్దతో గీత గీసుకున్నాడు. ఎందుకని అడిగితే ఇద్దరూ నవ్వారే గానీ చెప్పలేదు.

ఆ వారంలోనే తెచ్చి బిగించారు. స్టాండు అడుగు పట్టీకి మడత బందులతో ఇనుప మెట్టు. కాలితో లాగితే బయటికి వస్తుంది, నెడితే లోపలికి పోతుంది. మేనేజరుకు నచ్చిందట. ఇలాంటిది మద్రాసులో కూడా చూడలేదన్నాడట. ఆర్డరు ఖాయమైంది. స్టాండు కాళ్లు మాత్రం వెంట్రుకవాసి తగ్గలేదు.

"కాళ్లు కోస్తే సరిపోయేదానికి ఇదంతా ఎందుకు?" అని అడిగాను.

నాకు ఏమీ తెలియదన్నట్టు జాలిగా చూశాడు. "ఎత్తు తగ్గిస్తే ఇన్నాళ్లూ తప్పు కొలత అమ్మినట్టు అవతాది. మెట్టు పెడితే ఇంకొంచెం ఎక్కువ ఇచ్చినట్టు అవతాది. నువ్వు దిగబట్టే గదా నాకు ఈ ఐడియా తట్టింది" అన్నాడు. ఆ మాట ప్రేమగానే అన్నాడు.

అత్త పీట అత్తకు తిరిగి ఇచ్చేశాను. పీటైతే విసుగొచ్చినప్పుడు పక్కకు తన్నగలిగేదాన్ని. ఇది స్టాండుతో కలిపి వెల్డింగు చేసినది.

మళ్లీ వారం ఎవరో చూడటానికి వచ్చారు. ఆయన కాలితో మెట్టు బయటికి లాగి, వాళ్లకు ముడుచుకోవడం, తెరుచుకోవడం చూపించి, నా వైపు తిరిగాడు.

"మే, ఎక్కి సూపించు" అన్నాడు.

ఎక్కాను. రెండు పాదాలూ సరిగ్గా సరిపోయాయి.