బొగ్గుల పొయ్యి, ఇంటర్‌నెట్టు

కంప్యూటర్లు కొత్తగా వస్తున్న ఆ రోజుల్లో ఇంటర్‌నెట్టు వల్ల తెలివి పెరుగుతుందా, తరుగుతుందా అని ఎవరైనా అడిగితే, అడిగినవాళ్ల మీద జాలిపడేదాన్ని. ఇప్పుడా ప్రశ్న వింటే ఆవులింత వస్తుంది. ఆవులింత వెనకే గని కార్మికుల సెంటినరీ కాలనీ క్వార్టర్ పెరట్లో నేను పెట్టిన పొగ గుర్తొస్తుంది.

కొత్తగా కాపురానికి వచ్చాను. మంథనిలో కంప్యూటర్ నేర్చుకున్నానన్న ఒక్క ముక్క పట్టుకుని అత్త క్వార్టర్ల వరుసంతా చాటింది: "మా కోడలుకు తెలవంది లేదు. కంప్యూటర్ల సూసి ఏదడిగినా చెప్తది." (నాకు వచ్చింది టైపు కొట్టడం, ఈమెయిలు తెరవడం.) ఒకసారి కూతురికి బాగోలేదని అత్త రామకృష్ణాపూర్ వెళ్లింది. మా ఆయనా ఊళ్లో లేడు. ఆమె అటు వెళ్లగానే ఇటు గ్యాసు అయిపోయింది. ఫస్ట్ షిఫ్టు దిగి మామ ఆకలితో వస్తాడు. పెరట్లో బొగ్గుల పొయ్యి ఉంది, పక్కనే బొగ్గు కుప్ప ఉంది, అంటించడం మాత్రం నాకు రాదు. పక్క క్వార్టర్ అక్కను అడిగితే కాలనీ అంతా నవ్వుతుంది, అత్త పరువు పోతుంది. అందుకని చెప్పులేసుకుని ఇంటర్‌నెట్ సెంటర్‌కు నడిచాను. బొగ్గు గనుల మధ్య కూర్చుని, బొగ్గు ఎలా అంటించాలని కంప్యూటర్‌ను అడిగిన మొదటిదాన్ని నేనే అయ్యుంటాను.

అది మర్యాదగానే చెప్పింది. పచ్చికలో పొయ్యి పెట్టి, కట్టెబొగ్గు గుట్టగా పేర్చి, నూనె చల్లి అంటించి, స్నేహితులతో కబుర్లాడుకోమంది. ఇంటికొచ్చి మా రాతిబొగ్గును గుట్టగా పేర్చాను, కిరసనాయిలు పోశాను, అగ్గిపుల్ల గీశాను. కిరసనాయిలు కాలింది, బొగ్గు కాలలేదు. మళ్లీ పోశాను. అగ్గిపెట్టె ఖాళీ అయ్యేసరికి ఏడుపొకటే తక్కువ. అదీ వచ్చింది.

అప్పుడే మామ వచ్చాడు. "ఏంది బిడ్డా గీ పొగ?" అన్నాడు. "పొయ్యి అంటుకుంటలేదు మామా" అన్నాను. బతుకంతా బొగ్గు తీసిన మనిషి, ఇక బాధ లేదనుకున్నాను. ఆయన గొంతుక్కూర్చుని పొయ్యిని అటు చూశాడు, ఇటు చూశాడు. "నాకు గూడ రాదు బిడ్డా. బాయిల బొగ్గు తీసుడే మా పని. జేబుల అగ్గిపెట్టె ఉంటే లోపలికే పోనియ్యరు. ఇంట్ల మీ అత్తనే అంటువెడ్తది" అన్నాడు. (గనిని అక్కడ బాయి అంటారు.)

ఇద్దరం ఆ నల్లకుప్పను చూస్తూ కూర్చున్నాం. తర్వాత ఆయనే లేచి గోడ మీదుగా కేకేశాడు: "ఓ బిడ్డా, గింత అన్నముంటె పెట్టు. పొయ్యి అంటువెట్టుడు మా ఇద్దరికి వస్తలేదు." పక్కింటి అక్క కడుపారా నవ్వింది. నవ్వుతూనే అన్నం, పప్పుచారు తెచ్చి పెట్టింది. అడుగున పుల్లలు, పిడకలు పేర్చి, పైన బొగ్గు వేసి అంటించి మరీ వెళ్లింది. ఆ నవ్వు మా రెండిళ్ల గోడలు దాటి కాలనీలోకి వెళ్లలేదు. అత్త తిరిగొచ్చాక మామ ఒక్క మాటే అన్నాడు: "కోడలు మంచిగనే సూసుకున్నది."

మామ ఇప్పుడు లేడు. మేమూ వేరే ఊళ్లో ఉంటున్నాం. నిన్న పప్పుచారులో ఉప్పెక్కువైతే ఏం చేయాలో ఫోన్‌ను అడిగాను. గోడవతల ఎవరుంటున్నారో నాకు తెలియదు మరి. అది నవ్వకుండా చెప్పింది. నేనే కాస్త నవ్వుకున్నాను.