రెండిళ్లూ కాదన్న చిన్నమావయ్య

పోయిన ఆదివారం మధ్యాహ్నం గుణదలలో మా ఇంటి ముందు ఒక కారు ఆగి, అందులోంచి ఇద్దరు నవ్వుకుంటూ దిగారు. ఒకడు మా పెద్దమావయ్య మనవడు, రెండోవాడు రంగం తాతయ్య అని మేం పిలిచే చుట్టం తమ్ముడి మనవడు. ఈ రెండు కుటుంబాల వాళ్లు ఒకే కారులో రావడం, ఒకే సోఫాలో మోకాళ్లు తగిలేలా కూర్చోవడం నా ఎనభై తొమ్మిదేళ్లలో నేను చూడటం అదే మొదలు. యుద్ధకాలంలో గూఢచారిగా పట్టుబడ్డ మా చిన్నమావయ్య పేరిట ఊళ్లో శిలాఫలకం వేస్తున్నారట, దానితో పాటు రెండు వంశాల చరిత్ర ఒక పుస్తకంగా తెస్తున్నారట. ఫోనులో వంశవృక్షం చూపించారు. కళ్లజోడు మార్చుకుని మరీ కొమ్మ కొమ్మా వెతికాను. మా అమ్మ లేదు.

“మా అమ్మేదిరా?” అన్నాను.

“ఆడపిల్లల్ని వెయ్యలేదు పెద్దమ్మా, చెట్టు మరీ పెద్దదైపోతోందని,” అన్నాడు మా వాడు, నేనిచ్చిన కాఫీ తాగుతూనే.

పుస్తకంలో అమ్మ పేరు మరవొద్దని అంతకుముందే నేను వాళ్ల కమిటీకి రెండు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. అందుకని ఆ పుస్తకానికి నేనేమీ చెప్పనని, నాకు తెలిసింది నేనే రాసుకుంటానని చెప్పి పంపేశాను. నా ఈడు వాళ్లు కొందరైనా మిగిలుంటే, ఆ రోజుల సంగతి మీకు వేరే విడమరిచి చెప్పనక్కర్లేదు.

తాతయ్య వాళ్లది కంకిపాడు పక్కన ఒక పల్లెటూరు. కృష్ణకి ఆనకట్ట కట్టి కాలవలు తవ్విన రోజుల్లో తట్ట మోయడానికి వచ్చిన మా పూర్వీకుడొకాయన, పని అయిపోయాక కూడా ఆ కాలవగట్టునే ఉండిపోయి, నెమ్మదిగా పొలం సంపాదించాడట. ఇప్పటి పుస్తకంలో అది ‘కాలవల నిర్మాణంలో కీలకపాత్ర’ అయింది. రంగం తాతయ్య మా తాతయ్యకి మేనమామ కొడుకు. కూచిపూడి దగ్గర ఊరు. రంగూన్‌ని మనవాళ్లు రంగం అనేవారు కదా, వాళ్ల నాన్న ఓడెక్కి రంగం వెళ్లి, బియ్యం మిల్లులో బస్తాలు మోసి మేస్త్రీ అయితే, కొడుకు అక్కడే బియ్యం వ్యాపారస్తుడయ్యాడు. చూసుకుంటే రెండు వైపులా మోత మోసిన వాళ్లే, కానీ ఒకరినొకరు తక్కువగా చూసుకోవడం మాత్రం ఏనాడూ మానలేదు.

చిన్నమావయ్య మా అమ్మకి పదేళ్లు చిన్న. అమ్మమ్మ పురిట్లోనే పోవడంతో అమ్మే అతన్ని చంకనేసుకుని పెంచింది. బడిలో వేసేటప్పుడు పుట్టినతేదీ కాగితాలెక్కడివి అప్పుడు? కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమచెవి అందుకుంటే ఐదేళ్లు నిండినట్టు లెక్క. చిన్నమావయ్యవి పొడుగు చేతులు. మూడేళ్లకే చెవి అందింది. తాతయ్య మురిసిపోయి, అసలు వయసు తెలిసి కూడా, ఐదేళ్లే రాయించాడు. “రాసేయండి మేస్టారూ, రెండేళ్లు ముందుగానే ఉద్యోగంలో చేరతాడు” అని నవ్వాడట. మన తరంలో సగం మందికి బడి వయసొకటి, అసలు వయసొకటి. దాని వల్ల ఎవరికీ ఏ కీడూ జరగలేదు, మా ఇంట్లో తప్ప.

ఆ తర్వాత రెండేళ్లకి, పిల్లలు లేని రంగం తాతయ్యకి చిన్నమావయ్యని దత్తు ఇచ్చేశారు. ఇంటిపేరు మారింది, గోత్రం మారింది, ఓడెక్కించి రంగం తీసుకుపోయారు. అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదట. చిన్నమావయ్య జాతకం మాత్రం ఎవరూ అడగకపోవడంతో తాతయ్య పెట్టెలోనే ఉండిపోయింది.

యుద్ధం వచ్చి జపాను వాళ్లు బర్మా మీద పడ్డప్పుడు రంగం తాతయ్య, ఆయన భార్య ఓడలో చోటు సంపాదించుకుని వచ్చేశారు. చిన్నమావయ్య మిల్లు మనుషులతో కలిసి నడిచి వస్తాడని చెప్పారు. రాలేదు. జపాను వాళ్ల సాయంతో అక్కడ మనవాళ్లు పెట్టిన సైన్యంలో చేరాడని, వైర్‌లెస్ పని నేర్పించి, తెలుగు వచ్చినవాడు కాబట్టి మన తీరంలోనే చీకట్లో పడవలోంచి దింపారని తర్వాత తెలిసింది. తెల్లవాళ్ల రాజ్యాన్ని వెళ్లగొట్టడానికి విమానాలూ లారీలూ లెక్కపెట్టి కబురు పంపడం అతని పని.

బెజవాడ మీద బాంబులు పడతాయేమోనని మా నాన్న అమ్మనీ నన్నూ తాతయ్య ఇంటికి పంపేశాడు; తను మాత్రం అచ్చాఫీసు ఉద్యోగం వదల్లేక బెజవాడలోనే ఉన్నాడు. అప్పటికి నాకు ఎనిమిదేళ్లు. నూర్పుళ్ల రోజుల్లో, ఇంట్లో మగవాళ్లెవరూ లేని మధ్యాహ్నం, కాలవ తూములు చూసే లస్కరులా ఖాకీ నిక్కరు వేసుకున్న ఒక మనిషి పెరటిదారిన వచ్చి నిలబడ్డాడు. అమ్మ ఒక్క క్షణం చూసింది. చేతిలో చేట అలాగే జారవిడిచి, కంచం పెట్టింది. అతను వీధితలుపు వైపే చూస్తూ గబగబా తిన్నాడు. మధ్యలో నన్ను పిలిచి, గన్నవరం వైపు రోజూ విమానాలు పోతుంటాయి కదా, ఎప్పుడైనా లెక్కపెట్టావా అని అడిగాడు. పొద్దుటిపూట మూడు, భోజనాలయ్యాక రెండు అని చెప్పాను.

“దీనికి నాకన్నా లెక్కలు బాగా వచ్చే!” అన్నాడు అమ్మతో. ఆ నవ్వు చూశాక గానీ అతను ఎంత చిన్నవాడో నాకు తెలియలేదు.

నాన్న చేను నుంచి వచ్చేదాకా ఉండరా అని అమ్మ బతిమాలింది. ఉంటే మీకే ముప్పక్కా అని చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు.

పది రోజులు తిరక్కుండానే అతనితో వచ్చినవాడు దొరికిపోయి ఇతని గుర్తులు చెప్పాడు. బెజవాడ స్టేషనులో చిన్నమావయ్యని పట్టుకుని మద్రాసు జైలుకి పంపారు. మా నాన్న సైకిలు మీద వచ్చి ఆ కబురు చెప్పాడు. ఆ మర్నాటి నుంచి ఒక కానిస్టేబులు రోజూ వచ్చి మా అరుగు మీద కూర్చునేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. వచ్చేపోయేవాళ్లని చూస్తూ చుట్ట కాల్చుకునేవాడు. ఇంట్లో అందరం గుసగుసలుగా మాట్లాడటం నేర్చుకున్నాం.

ఆ తర్వాత మద్రాసు నుంచి వకీలుగారి ఉత్తరం వచ్చింది. ముద్దాయికి పద్దెనిమిదేళ్లు నిండలేదని రుజువైతే ఉరి తప్పించమని అడగడానికి వీలుందట. పోలీసులు కంకిపాడు బడి రిజిస్టరు తెచ్చి పంతొమ్మిదేళ్లంటున్నారట. అందుచేత కన్నతండ్రి వచ్చి, బడిలో రెండేళ్లు ఎక్కువ వేయించింది నేనేనని ఒప్పుకుని, జాతకం చూపించాలి. వచ్చే సోమవారమే విచారణ. ఉత్తరం మాకు అందింది మంగళవారం.

తాతయ్య ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. “నీళ్లు ధారపోసి ఇచ్చేశాను. ఇచ్చేసిన బిడ్డ గురించి చెప్పడానికి నాకు నోరెక్కడిది? ఆ తండ్రిని వెళ్లి అడగండి,” అన్నాడు. పెద్దమావయ్య పక్కనే నిలబడి తలూపాడు.

మర్నాడు తాతయ్య స్నానానికి వెళ్లినప్పుడు అమ్మ పెట్టె తీసి జాతకం నడుముకి చుట్టుకుని, నన్ను రెక్క పట్టుకుని బయల్దేరింది. కానిస్టేబులు ఎక్కడికమ్మా అంటే, పిల్లకి ఆటలమ్మ తగ్గింది, మొక్కు తీర్చుకోవాలంది. అవి పెట్రోలు దొరక్క బొగ్గుతో బస్సులు నడిపిన రోజులు. వెనక డ్రమ్ములో బొగ్గు రాజుకునేలా క్లీనరు చక్రం తిప్పితే గానీ కదిలేది కాదు. ఉయ్యూరు దాటాక అది ఆగిపోయింది. క్లీనరు తిప్పి తిప్పి అలిసిపోతే అమ్మ దిగి, ఇలా తే నేను తిప్పుతానంది. బస్సులో మగవాళ్లంతా నవ్వారు. అందులో ఒకాయన నవ్వు నేనిప్పటికీ గుర్తుపట్టగలను.

రంగం తాతయ్య ఇంటికి చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. లోపల ఉయ్యాలబల్ల ఖాళీగా ఊగుతోంది. ఆయన భార్య మమ్మల్ని లోపలికి రమ్మనకుండా అరుగు మీదే చెరో గ్లాసు మజ్జిగ పోయించింది, అదీ పనిమనిషి చేత. చాప కూడా వెయ్యలేదు. అమ్మ ఆ మజ్జిగ ముట్టలేదు. నేను తాగాను, అందుకు నన్ను నేను చాలాకాలం క్షమించుకోలేదు.

“పుట్టడం నేను చూశానా అమ్మాయ్?” అన్నాడు రంగం తాతయ్య, ఎంతో నెమ్మదిగా. “కన్నవాడు బతికుండగా పెంచినవాడు వెళ్లి వయసు చెప్తే కోర్టు నవ్వదూ? మీ నాన్నని ముందు బయల్దేరమను. ఆయన వెనకాలే నేనూ వస్తా.”

తిరిగొచ్చి చెప్తే తాతయ్య, “వాణ్ణే ముందు బయల్దేరమను,” అన్నాడు.

గురువారం అమ్మ మళ్లీ వెళ్లింది. శుక్రవారం మళ్లీ వెళ్లింది. ఇద్దరి మాటలోనూ తప్పు పట్టడానికి లేదు, అదే విచిత్రం. ఇచ్చేశాడు కాబట్టి ఈయనకి హక్కు లేదు. కనలేదు కాబట్టి ఆయనకి తెలియదు. శుక్రవారం సాయంత్రం బస్సు దొరక్క సగం దారి నడిచి వచ్చేసరికి అమ్మ పాదాలు పగిలి నెత్తురు కారుతున్నాయి. తాతయ్య ముందు నిలబడి, “మీరిద్దరూ కలిసి వాడికి తండ్రి లేకుండా చేశారు నాన్నా,” అంది. గొంతు పెంచలేదు. తాతయ్య కండువా భుజాన వేసుకుని చేనికి వెళ్లిపోయాడు.

శనివారం నాన్న అమ్మని మద్రాసు రైలెక్కించి తీసుకెళ్లాడు. అమ్మ కోర్టులో ప్రమాణం చేసి చెప్పిందట, ఎత్తుకు పెంచింది నేను, వాడు పుట్టిన ఏడు నాకు తెలుసు అని. తండ్రులిద్దరూ బతికుండగా, పెళ్లయి వేరే ఇంటిపేరు వచ్చిన అక్క చెప్తే చెల్లదన్నారట. జాతకం ఎప్పుడు కావాలంటే అప్పుడు రాయించుకోవచ్చు, బడి రిజిస్టరు సర్కారుదన్నారట. చిన్నమావయ్య అమ్మని చూసి, తిన్నావా అక్కా అని అడిగాడట. అంతకుమించి మాట్లాడనివ్వలేదు.

నెల తిరక్కుండా ఉరి తీసేశారని వకీలుగారు కార్డు రాశారు.

రెండిళ్లలోనూ ఆ పూట పొయ్యి వెలిగింది. మైల పడితే మావాడేనని ఒప్పుకున్నట్టవుతుందని, రంగం తాతయ్య ఇంట్లో దత్తతండ్రి పట్టాల్సిన పది రోజులూ లేవు, మా తాతయ్య ఇంట్లో కన్నతండ్రి పట్టాల్సిన మూడు రోజులూ లేవు. అమ్మ ఒక్కతే తలారా స్నానం చేసి పెరటి వసారాలో ఒంటిపూట తింటూ మూడు రోజులు కూర్చుంది. అరుగు మీద కానిస్టేబులు ఇంకా ఉన్నాడు. “కొంప మీదికి తెస్తావా? లేచి లోపలికి రా,” అని తాతయ్య పళ్ల బిగువున కసిరాడు.

“మీరు పట్టనక్కర్లేదులే నాన్నా, మీ గోత్రం కాదుగా,” అంది అమ్మ.

ఆ తర్వాత అమ్మ ఆ ఇంటి గడప తొక్కలేదు.

చాలా ఏళ్ల తర్వాత నాకు కంకిపాడులో అదే బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. చేరిన రెండో ఏట, భోజనాల వేళ, ఎనభై దాటిన తాతయ్య కర్ర పొడుచుకుంటూ స్టాఫు రూములోకి వచ్చాడు. పాత రిజిస్టరు చూపించమన్నాడు. బీరువా అడుగు నుంచి తీసి దుమ్ము దులిపి తెరిచాను. సిరా వెలిసినా వయసు స్పష్టంగా ఉంది. తాతయ్య దాని మీద వేలు పెట్టాడు.

“ఈ రెండేళ్లూ కొట్టించెయ్యవే.”

“ఊరికే కొట్టెయ్యకూడదు. తండ్రి రాసి సంతకం పెట్టాలి,” అన్నాను.

“నేనేగా తండ్రిని.”

ఆ మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి. నేను పెన్ను ఇవ్వలేదు. “ఇచ్చేశారుగా తాతయ్యా,” అన్నాను.

ఆయన రిజిస్టరు వైపే చూస్తూ, నాతో కాదన్నట్టుగా, ఆ రోజు కోర్టుకెళ్తే ఆఖరున మీ ఇంటికెప్పుడొచ్చాడు, అన్నమెవరు పెట్టారని అడిగేవాళ్లే, మీ అమ్మని కూడా లోపలేసేవాళ్లే అన్నాడు. సర్కారు పొలం లాక్కుంటుందని వెళ్లలేదనుకున్నారు మీరంతా, అన్నాడు. నేను అది సాకు అనుకున్నాను. పెన్ను కోసం చెయ్యి చాచి, బెల్లు కొట్టేదాకా నిలబడి వెళ్లిపోయాడు. ఆ వానాకాలంలోనే పోయాడు. ఆయన వచ్చిన సంగతి అమ్మకి నేను చెప్పలేదు. అబద్ధమో నిజమో తేల్చుకున్నాక చెబుదామనుకున్నాను. తేలలేదు, అమ్మా పోయింది.

ఇప్పుడు బిడ్డ భూమ్మీద పడ్డ నిమిషం కూడా ఆసుపత్రి కాగితం మీద అచ్చయి వస్తుంది. చెవి అందిందా అని బళ్లో ఎవరూ చూడరు. ఫలానావాడు మావాడేనని నలుగురిలో నిలబడి చెప్పాల్సిన అవసరం ఎవరికీ రాదు, కంప్యూటరు చెబుతుంది. మంచి మార్పే, కాదనను. మన రోజుల్లో మనిషి ప్రాణం ఇంకో మనిషి నోరు తెరవడం మీద ఆధారపడి ఉండేది, తెరవని వాళ్లనందరినీ నేను పేరు పేరునా గుర్తుపెట్టుకున్నాను. కానీ ఆ మధ్యాహ్నం తాతయ్య నోరు తెరిచాడు. పెన్ను నా చేతిలోనే ఉంది, మూత కూడా తీసే ఉంది.