మైనస్ చూపిన కాంటా

నిన్న సాగర్ రోడ్డు పక్కన చాయ్ తాగుతుంటే కంకర టిప్పరొకటి పోయింది. దాని దుమ్ము గ్లాసులో పడి నాలుక మీద గరగరలాడగానే సుగుణక్క గుర్తొచ్చింది. ఇబ్రహీంపట్నం బస్ డిపో ఎదురుగా ఆమెకు కంప్యూటర్ల రిపేరు దుకాణం ఉండేది, నేనందులో పనివాణ్ణి. హైదరాబాదు ఇటువైపు పెరుగుతున్న రోజులవి. వెంచర్లకు కంకర మోసే లారీలను తూచే కాంటాకు ప్రోగ్రాం రాసింది నేనే. రాస్తుంటే కరెంటు పోయినా నా వేగానికి కంప్యూటర్ ఆగలేదని ఇప్పటికీ చెబుతుంటాను.

ఒకనాడు పన్నెండు చక్రాల కొత్త టిప్పర్లు దిగాయి. అవి నిండుగా ఎక్కితే తెర మీద బరువు మైనస్‌లో పడుతోంది. కాంటా మీద కూర్చునే యాదయ్య ఏదో మీట తప్పు నొక్కి ఉంటాడని కాంటా యజమాని సేటుకు చెప్పేశాను. నా నోటికి అడ్డేముంది? అది దొంగ తూకమేనని, వారంలో యాదయ్యను తీసేస్తానన్నాడు సేటు. యాదయ్య మా దుకాణానికొచ్చి గడపలోనే నిలబడ్డాడు.

"అక్కా, నేనేం ముట్టలే. పన్నెండేండ్లసంది తూకం మీదున్న. దొంగ పేరుతోని మా ఊరు యాచారం ఎట్ల పోవాలె?"

అక్క నా వైపు తిరిగింది. "నువ్ రాసిన అసలు ప్రోగ్రాం ఏది?"

"మంచాల ఊరి కాడ కోతి ఎత్తుకపోయిందక్కా, ఫ్లాపీతో సహా."

"ఆ కోతి నా ముంగటనే కూసున్నది గదా. నిజం చెప్పు."

ప్రోగ్రాం చెరిపేసి ఆ ఫ్లాపీలో ఆట ఎక్కించుకున్నానని ఒప్పుకున్నాను. ఇక మిగిలింది కాంటా దగ్గరి కంప్యూటర్లో ఉన్న, యంత్రానికి మాత్రమే అర్థమయ్యే ఫైలు. అక్క దాని నకలు తెచ్చి, నల్లని తెర మీద ఒక్క లైను ఆజ్ఞ కొట్టింది. ఫైలులోని అంకెల్ని విప్పి, మనిషి చదవగలిగే చిన్నచిన్న ఆదేశాలుగా పరిచే డిస్‌అసెంబ్లర్ అది. వేల వరుసలు! రాసేటప్పుడు అంకెలకు నేను పెట్టుకున్న ముద్దుపేర్లు ఒక్కటీ వాటిలో లేవు.

"ఇది మనిషి చదివేది కాదక్కా."

"నీ కథలు నేను రోజూ వింటలేనా? ఇది నువ్వు సదువలేవా? కూసో."

మూడు రోజులు కూర్చున్నాం. అక్క వరుస చదివేది. ఆ ఆదేశం ఏ అంకెను ఎక్కడ పెడుతుందో నేను కాగితం మీద రాయాలి. ఊహించి చెబితే స్కేలుతో బల్ల మీద కొట్టేది. "ఏముందో చెప్పు. ఏముండొచ్చో నాకొద్దు." మూడోనాడు మధ్యాహ్నం నా పెన్ను ఆగిపోయింది. కాంటా నుంచి బరువు తీసుకునే చోట, ఆ అంకె మైనస్ కూడా కావచ్చనే ఆదేశం ఉంది. అట్లా తీసుకుంటే ముప్పై రెండు వేల ఏడువందల అరవై ఏడు కిలోల దాకానే పడుతుంది. ఆ పైన మైనస్‌లోకి దొర్లుతుంది. పాత లారీలు అంత బరువు మోయలేదు కాబట్టి నా తప్పు హాయిగా దాక్కుంది.

ఫైలులో ఆ ఆదేశం తాలూకు ఒక్క బైటు మార్చాం. నిండు టిప్పరు ఎక్కితే ముప్పై నాలుగు వేల చిల్లర, మైనస్ లేకుండా వచ్చింది.

"ఇగ పో, సేటుకు చెప్పు" అంది అక్క.

"నేనేనా?"

"యాదయ్య పేరు చెప్పిన నోరు ఎవలది?"

పోయాను. సేటు ముందు కాగితం పరిచి, ఆ వరుస మీద వేలు పెట్టి, "ఇది నేను రాసిన తప్పు, యాదయ్యకు సంబంధం లేదు" అన్నాను. ఆయన తిట్టిన తిట్లకు డిపోలో బస్సులు ఆగాయి. యాదయ్య కుర్చీ యాదయ్యకు దక్కింది.

అక్క ఇప్పుడు లేదు. కోతలు కోయడం నేను మానలేదు. ఎవరి మీదైనా తప్పు మోపాలనిపిస్తే మాత్రం, ముందు కాగితం తీసి నేను చేసినవన్నీ ఒక్కొక్కటిగా రాసుకుంటాను. చాలాసార్లు తప్పు దొరకడానికి రెండో పేజీ దాకా పోవలసిన అవసరం రాదు.