ఆడవాళ్ళ గదిలో ఫ్యాను

ఆ జనవరి పొద్దున ఖరగ్‌పూర్ స్టేషన్‌లో, ఆడవాళ్ళ వెయిటింగ్ రూములో, ఒకావిడ ఫ్యాను వేసింది. ఫోనులో మన తెలుగే మాట్లాడుతోంది. సన్నగా పుల్లలా ఉంది, ఒంటిమీద స్వెట్టరు కూడా లేదు. రెండు శాలువాలు కప్పుకున్న నేను లేచి ఫ్యాను ఆపేశాను. ఆవిడ మళ్ళీ వేసింది.

"సలేస్తంది," అన్నాను.

నన్ను ఎగాదిగా చూసి, "ఇంత ఒళ్ళెట్టుకుని నీకు సలేటి దీదీ?" అంది.

నాకు ఒళ్ళు మండింది. మా ఇంట్లోనూ ఇదే మాట. చలికాలం దుప్పట్లు పంచేటప్పుడు మా అత్తగారు తోడికోడలికి రెండిచ్చి, "నీకు ఒంట్లోనే ఉంది కదే దుప్పటి," అని నన్ను దాటేస్తుంది.

"ఒంటికి వేడి పుట్టించేది ఈ కొవ్వు కాదు," అన్నాను, మా డాక్టరమ్మ చెప్పినట్టే. "గోధుమరంగు కొవ్వని ఇంకోటుంది. అది కరిగి వేడిస్తాది. బక్కోళ్ళకే ఎక్కువంట. సలిలో పనిసేస్తే ఇంకా పెరుగుతాదంట."

"అయితే నాకుంటాది. ఐసు గదిలో సేపలు సర్దుతాను," అంది. "నీకు లేకపోతే నానేటి సెయ్యాలి?"

ఫ్యాను మాత్రం ఆపలేదు. తన బండి వస్తోందని మైకులో చెప్పగానే సంచీ అందుకుంది. నా వెనకనుంచి పోతూ, శాలువా కిందికి చెయ్యి దూర్చి నా మెడమీద అరచెయ్యి ఆనించింది.

"సూడు, ఎంత వేడో," అంది వెక్కిరింతగా.

పెనం మీంచి అప్పుడే దించిన రొట్టెలా ఉంది ఆ చెయ్యి. విసురుగా తోసేశాను. కాకపోతే, వెంటనే కాదు.