జాఫర్ ఉస్తాద్ నేర్పిన ముడి

వీధి చివరి స్కూటర్ దుకాణం నుంచి కిరసనాయిల్లో కడిగిన ఇనుము వాసన వస్తే చాలు, నా చెయ్యి దగ్గరున్న సంచి ముడిని తడుముతుంది. ఆ అలవాటు చేసినవాడు దబీర్‌పురా మెకానిక్ జాఫర్ ఉస్తాద్. నలుగురిలో ఆయన నన్నన్న మాటను నేనింకా క్షమించలేదు. అయినా ఆయన గురించి రాయక తప్పడం లేదు.

పందొమ్మిది వందల యాభైలలో హైదరాబాద్ ఉప్పుగూడలో మాకు బర్రెల కొట్టం ఉండేది. ఒక పాత కారు కొని, వెనకభాగం కోయించి, పాలక్యాన్లు పెట్టుకున్నాను. నిండు క్యాన్లతో చడావు, అదే ఎత్తు దారి, ఎక్కబోతే ఇంజిన్ ఆయాసపడి ఆగిపోయేది. జట్కావాళ్లు నన్ను దాటిపోతూ నవ్వేవాళ్లు. ఆ ముఖాలు ఇప్పటికీ గుర్తే. పొద్దుటి చాయ్ వేళకు పాలు అందకపోతే ఇంకొకరిని చూసుకుంటానని ఇరానీ హోటల్ యజమాని తేల్చిచెప్పాడు. మా ఇల్లు ఆ హోటల్ మీదే నడిచేది.

ఇంజిన్ బలం పెంచడం గురించి నాకేమీ తెలియదు. పెద్ద కార్బురేటర్ బిగిస్తే చాలనుకున్నాను. కారు తీసుకెళ్లి ఆ మాటే చెబితే ఉస్తాద్ నవ్వాడు.

"నోరు పెద్దగైతే పహిల్వాన్ అయితడా భాయ్? ముందు ఇది కొత్తల ఎట్ల ఉరికిందో గట్ల ఉరకనీ. ఆ తర్వాత ఒక్కొక్కటే మారుద్దాం. రెండు ఒక్కపారి మారిస్తే ఏది ముంచిందో ఎట్ల తెలుస్తది?"

పని సాగదీస్తున్నాడని అనుమానించి ఆయన పక్కనే కూర్చున్నాను. కాపలా కాస్తూనే పని నేర్చుకున్నాను. ప్లగ్గు మూతి నల్లబడితే పెట్రోలు ఎక్కువైనట్టు, తెల్లబడితే తక్కువైనట్టు. ఆయన ఇంజిన్ పైమూతను, అదే హెడ్డును, కొద్దిగా అరగదీయించాడు. కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే జెట్టు, అంటే గోరంత ఇత్తడి ముక్క, దాని రంధ్రాన్ని వెంట్రుకవాసి పెంచాడు. సాయంత్రం దుకాణం కట్టేముందు చిన్న సామానంతా గుడ్డలో పోసి నా ముందుకు తోశాడు.

"ముడి నువ్వే వెయ్. ఇంటికి తీస్కపో. రేపు ఉస్తాద్ సామాన్ మార్చిండని లొల్లి వద్దు."

నా మనసులో ఉన్నదే ఆయన పైకి అనేసరికి ఒళ్లు మండింది.

మర్నాడు మూట విప్పబోతూ, "ఈ ముడి నీదేనా?" అన్నాడు.

"నాది గాక ఎవరిది?" అని కసిరాను.

అన్నీ బిగించాక కారు చడావు సగంలో దగ్గి ఆగిపోయింది. తిరిగొచ్చి, వీధంతా వినేటట్టు "నా సామాన్ మార్చినవ్!" అని అరిచాను. ఉస్తాద్ జెట్టు విప్పి ఎండకు పట్టి చూశాడు.

"నా జెట్టు మీద ఆకురాయి గీత ఉంటది. దీని మీద ఏది? రాత్రి మూట ఎవరింట్ల ఉన్నది? ముందు నీ ఇంట్ల చూస్కో భాయ్, తర్వాత నా మీదికి రా."

చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు.

మా ఇంట్లోనే ఉంటున్న బావమరిది నర్సింగ్ అలాంటి కారునే కిరాయికి తిప్పేవాడు. వాడి కార్బురేటర్ విప్పిస్తే గీతపడ్డ జెట్టు బయటపడింది.

"గోరంత ఇత్తడికి గింత లొల్లేంది బావా? లగ్గం కిరాయి ఉండె. పోయొచ్చినంక పెడదామనుకున్న" అన్నాడు. మా ఆవిడ వాడికి అన్నం వడ్డిస్తూనే ఉంది. అదీ గుర్తే.

ఆ జెట్టు బిగించాక కారు నిండు క్యాన్లతో జట్కాలను దాటుకుంటూ చడావెక్కింది. హోటల్ బేరం నిలిచింది. అయినా వెళ్లి ఉస్తాద్‌ను నిలదీశాను.

"గా మాట నన్ను పక్కకు పిలిచి చెప్పరాదా?"

"నువ్వు నన్ను పక్కకు పిలిచి అడిగినవా?" అంటూనే చెయ్యి చాపాడు. "గుడ్డ ఇటు తే. ఇంకొకడు విప్పితే మళ్ల గట్లనే కట్టరాని ముడి చూపిస్తా."

కోపంగానే నేర్చుకున్నాను.

ఇప్పుడు నా మందుల సంచికి ఆ ముడే వేస్తాను. "ఇంట్ల మనిద్దరమే కదా, ఇంకెవరు తీస్తరు?" అంటుంది మా ఆవిడ. నేను ముడిని వెలుతురుకు తిప్పి ఒకసారి చూసుకుని, అప్పుడు విప్పుతాను.