ఆరు పళ్ళేల నీళ్ళు

మనుషులు నలుగురు. ఫ్యాక్టరీలో ఇంజినీరుగా ఉన్న నేను, రాయగడ హైస్కూల్లో భూగోళం చెప్పే నా చిన్ననాటి స్నేహితుడు, అక్కడే ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా ఉన్న అతని చెల్లెలు, కొరాపుట్ లైన్లో గూడ్సు బళ్ళకి అసిస్టెంట్ లోకో పైలట్‌గా పనిచేసే ఇంకో స్నేహితుడు. బ్యాగులు నాలుగు, ఒక్కోటీ తొమ్మిది నుంచి పదకొండు కిలోలు. టెంట్లు రెండు. చిన్న గ్యాస్ పొయ్యి ఒకటి. బియ్యం మూడు కిలోలు, ఉప్మా రవ్వ రెండు కిలోలు, ఆవకాయ ఒక సీసా. వేలికి పెట్టి నాడి చూసే క్లిప్పు ఒకటి, బీపీ మెషీను ఒకటి. వేడి పసిగట్టే, తీగల్లేని ప్రోబులు రెండున్న డిజిటల్ థర్మామీటరు ఒకటి, మందం కొలిచే వెర్నియర్ కాలిపర్ ఒకటి. స్టీలు పళ్ళేలు ఆరు.

నందపూర్‌లో బస్సు దిగాక, సామాను సర్దుకుంటుంటే ఆ పళ్ళేలు రైల్వేవాడి కంట పడ్డాయి.

"ఏటిరా ఇది? కొండెక్కడానికొచ్చేవా, బంతి భోజనాలొడ్డించడానికొచ్చేవా? నలుగురికి ఆరు పళ్ళేలేటి?"

"తినడానికి కాదు. రాత్రి నీళ్ళు పోసి బయట పెట్టడానికి."

"కుక్కలకా?"

నిజానికి మేం రావలసింది ఇక్కడికి కాదు. ఉత్తరాఖండ్‌లో ఒక గ్లేసియర్ దగ్గరికి ఆరు రోజుల నడకకి నాలుగు సీట్లు తీసుకున్నాం. అయిదో రోజు ఐసు మీద కాలు పెట్టవచ్చని ట్రెక్ కంపెనీ కాగితంలో ఉంది. దానికి డాక్టరు సర్టిఫికెట్ కావాలి. మేష్టారి ఈసీజీ చూసిన డాక్టరు, గుండె కొట్టుకునే వరసలో తేడా ఉందన్నాడు. నడవొచ్చు, మన కొండలు ఎక్కొచ్చు, బరువు మోయొచ్చు, కానీ గాలి పలచబడే ఎత్తులకి వెళ్ళకూడదు. ఈ ఏడే కాదు, ఎప్పుడూ. మేం ముగ్గురం కూడా సీట్లు వదులుకున్నాం. దానికి అతను రెండు వారాలు మాతో మాట్లాడలేదు. "నా గుండె బాగోపోతే మీ కాళ్ళకేటి తెగులు?" అని మాత్రం ఒక మెసేజ్ పెట్టాడు.

అతను తొమ్మిదో తరగతికి ఎనిమిదేళ్ళుగా హిమానీనదం పాఠం చెప్తున్నాడు. ఏటా ఆ రోజు పొద్దున్నే చేపల బజారుకి వెళ్ళి ఐసుగడ్డ ఒకటి తువ్వాల్లో చుట్టి తెస్తాడు. వాలుగా పెట్టిన చెక్క మీద ఇసుకా గులకరాళ్ళూ పోసి, దాని మీద ఐసుని మెల్లగా జారనిస్తాడు. ఐసు రాళ్ళని ఎలా ఈడ్చుకుపోతుందో పిల్లలు చూస్తారు. మంచి ప్రయోగమే. పోయినేడు ఒకమ్మాయి ముందుకొచ్చి వాసన చూసి, "సార్, ఇది చేపలకంపు కొడతంది. కొండ మీది ఐసుకి కూడా ఇలాగే వాసనుంటదా?" అని అడిగింది. వచ్చే ఏడు చూసొచ్చి చెప్తానన్నాడు. డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన రోజు అతను తలుచుకుని బాధపడింది హిమాలయాల గురించి కాదు, దీని గురించే. "నీళ్ళు తమంతట తాము గట్టిపడతాయని ఎనిమిదేళ్ళుగా సెప్తన్నాను. మిషను సేసింది తప్ప ఒక్కసారీ సూళ్ళేదురా."

కొరాపుట్ కొండల్లో జనవరిలో గడ్డి తెల్లబడుతుందని అందరూ అంటారు. చూసినవాళ్ళు మాత్రం మాకు ఎవరూ తెలీదు. నాకు శాంక్షనైన సెలవు నాలుగు రోజులు మిగిలింది. నాలుగు పగళ్ళు, మూడు రాత్రులు, అంటే మూడు తెల్లవారుజాములు. ఆ మూడింటిలో ఒక్కటైనా అతనికి ఐసు చూపించాలి. ఆ కొండలన్నిట్లో ఎత్తైన దేవమాలి మీదికి ఇప్పుడు పైదాకా రోడ్డుంది. టెంట్లు, నెగడులు, స్పీకర్లు. అందుకని నందపూర్ నుంచి లమ్తపుట్ వైపు, రోడ్డు లేని మూడు కొండలు మ్యాపులో ఎంచుకున్నాను. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. మా టౌన్‌షిప్పులో ఆ వారం తెల్లవారుజామున ఏడు డిగ్రీలుంది. ఈ శిఖరాలు అంతకన్నా నాలుగైదు వందల మీటర్లు ఎత్తు. కాబట్టి పైన నాలుగు ఉండాలి. ఆకాశం కేసి తెరిచి పెట్టిన పళ్ళెం గాలికన్నా ఇంకా చల్లబడుతుంది. సున్నా అందడం కష్టం కాదు. ఈ లెక్కంతా ఒక కాగితం మీద రాసి అందరికీ ఫోన్లో పంపాను.

మొదటి కొండ ఎక్కడానికి అయిదు గంటలు పట్టింది. మేష్టారి చెల్లెలు గంటకోసారి ఆపి అతని వేలికి క్లిప్పు పెట్టేది.

"ఎంత, అమ్మీ?"

"తొంభై రెండు. కూకో."

"అది ఎక్కినందుక్కాదు, వీడి జోకులినడం వల్ల."

"అయితే సెవులు మూసుకుని కూకో."

శిఖరం మీద చదునైన బండ ఉంది. ఆరు పళ్ళేల్లో ఒక్కో దాంట్లో వేలి మందాన నీళ్ళు పోసి వరసగా పెట్టాం. తెల్లారి చూస్తే థర్మామీటరు పట్టిన కనిష్ఠం 9.1. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. ఒక దాంట్లో చిమట పడి ఉంది. రెండో రోజు రెండో కొండ, ఇంకో ఎనభై మీటర్లు ఎత్తు. పొద్దున్న 8.6.

"ఈ నీళ్ళతో టీ పెట్టేస్తాను. ఇంకేటి సేస్తాం?" అని రైల్వేవాడు పెట్టేశాడు కూడా. మేష్టారు టీ తాగి గ్లాసు బోర్లించాడు. చెల్లెలు క్లిప్పు చూసి, "గుండె బాగానే ఉంది. మొగమే బాగోలేదు," అంది.

"పోన్లెండ్రా. చేపల బజారుంది కదా," అన్నాడతను.

నేను లెక్క ఎక్కడ తప్పిందా అని కాగితం చూస్తూ కూర్చున్నాను. థర్మామీటరు సరిగానే ఉంది. వచ్చే ముందే సరిచూశాను. అప్పుడు కింద పల్లంలో ఏడెనిమిది ఇళ్ళు కనిపించాయి, పొయ్యిలు రాజేసినట్టున్నారు. పొగ తిన్నగా తాటిచెట్టంత ఎత్తు లేచి, అక్కడ ఆగి, అడ్డంగా పరుచుకుంటోంది. పైన కనపడని కప్పు ఉన్నట్టు. దాన్ని చాలాసేపు చూశాను. చలికాలం ఉదయాల్లో మా ఫ్యాక్టరీ చిమ్నీ పొగ కూడా అలాగే అణిగిపోతుంది. రోజూ టీ కొట్టు దగ్గర నిలబడి చూసేదే. దానర్థం కింద చలి, పైన వెచ్చన. పరీక్షలో రాశాను. బ్యాగు భుజానికెత్తి కొండెక్కేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు. గాలీ మబ్బూ లేని రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి, నీళ్ళలాగా పల్లానికి జారిపోతుంది. మేం రెండు రాత్రులు కప్పు మీద పడుకుని, గది చల్లగా లేదని చూస్తున్నాం.

కాగితం ప్రకారం మూడో రాత్రి మూడో కొండ, అన్నిటికన్నా ఎత్తైంది. విషయం చెప్పాను. మేష్టారు రెండువైపులా చూశాడు.

"నీ లెక్కేటంటాది?"

"కొండెక్కమంటాది. రెండుసార్లు తప్పింది."

"పొగేటంటాది?"

"దిగమంటాది."

దిగాం.

ఊరి పైన వాలులో మెట్లుమెట్లుగా బంగాళాదుంప మళ్ళున్నాయి. పై నాలుగు మెట్లు పచ్చగా ఉన్నాయి. కింది మూడూ వేణ్ణీళ్ళు పోసినట్టు నల్లగా మాడి వాలిపోయాయి. రెండింటి మధ్య గీత గీసినట్టుంది. ఒక ముసలావిడ పైమడిలో దుంపలు తవ్వుతోంది. మేష్టారికి అక్కడి కొండజనం మాట్లాడే దేశియా బాగా వచ్చు; అమ్మని పిలిచినట్టు "ఆయా" అని పిలిచి, ఆకులెందుకు మాడాయని అడిగాడు. మాకు తెలుగులో చెప్తూ వచ్చాడు.

చలికి, అందావిడ. ఝోలాకి దగ్గరగా వేస్తే ఏటా ఇంతే, అయినా కొడుకు వినడు. ఝోలా అంటే రెండు కొండల మధ్య వాగు వెంట ఉండే వరిపల్లం. మరి మీరెక్కడ పడుకున్నారని అడిగింది. అతను శిఖరం చూపించాడు.

"అంత పైనా? ఎందుకు?"

"చలి కోసం."

ఆవిడ గునపం పక్కన పడేసి కూలబడి నవ్వింది. కింద పెరట్లో ఉన్న కోడల్ని కేకేసి ఆ మాట చెప్పింది. ఆమె కూడా నవ్వడం మాకు వినిపించింది.

"మా ఇంజినీరుకి సెప్పమ్మా తల్లీ," అన్నాడు రైల్వేవాడు, తెలుగులోనే.

నీళ్ళు గట్టిపడతాయా అని మేష్టారు అడిగాడు. అడిగేటప్పుడు అరచేతిని రెండో చేత్తో కొట్టి చూపించాడు. కోళ్ళ గిన్నెలో ఒక్కోరోజు మూతలాగా కడుతుంది, పగలగొట్టి పారేస్తాను అందావిడ. రోజూ కాదు. గాలుంటే కట్టదు, మబ్బుంటే కట్టదు.

"ఈ రాత్రికి?"

"నాకేం తెలుసు?"

కోత అయిపోయిన ఝోలాలో టెంట్లు వేసుకోమంది. పళ్ళేలు నేల మీద పెట్టబోతే ఒప్పుకోలేదు. నేల వెచ్చగా ఉంటుందని ఎండుగడ్డి తెచ్చి పరిచింది. బండ మీద పెట్టినప్పుడు నాకు తట్టని సంగతి అది. నాలుగు పళ్ళేలు గడ్డి మీద పెట్టాను. ఒకటి గట్టున పనసచెట్టు కింద, ఒకటి పైన ఆవిడ ఇంటి అరుగు మీద.

"ఉన్నవే ఆరు. రెండు దండగ సేసేవు," అన్నాడు రైల్వేవాడు.

"అవి లేకపోతే ఎక్కడ ఎందుకు కట్టిందో ఎలా తెలుస్తుంది?"

"కడితే గదా."

అదే చివరి రాత్రి. మర్నాడు మధ్యాహ్నం బస్సు. ఎనిమిదికే పడుకున్నాం.

ఆరుకి పది నిమిషాల ముందు వెలుగు వచ్చింది. అన్నయ్యకన్నా ముందు ఎవరూ పళ్ళేల దగ్గరికి వెళ్ళకూడదని చెల్లెలు టెంటు ముందు అడ్డంగా నిలబడింది. అతని వేలికి క్లిప్పు పెట్టింది.

"నూటనాలుగు. రెండు నిమిషాలాగు."

"ఈలోగా కరిగిపోతేనో?"

"కరగదు. ఉంటే."

రెండు నిమిషాలూ నేను గడియారం చూశాను. తర్వాత అతను నడిచాడు. కాళ్ళ కింద గడ్డిమోళ్ళు చప్పుడు చేస్తున్నాయి, వాటి మీద ఉప్పు చల్లినట్టుంది. దారిలో ముందు వచ్చేది పనసచెట్టు. అక్కడి పళ్ళెంలో వేలు ముంచాడు. నీళ్ళు. మా వైపు తిరిగి తడి వేలు చూపించాడు.

పల్లంలోకి దిగి, గడ్డి మీది మొదటి పళ్ళెం ముందు గొంతుక్కూర్చుని మళ్ళీ వేలు పెట్టాడు. వేలు దిగలేదు. నొక్కాడు. నీళ్ళు కదలకుండా పళ్ళెం కదిలింది.

మేం దగ్గరికి వెళ్ళేసరికి అంచు చుట్టూ గోటితో విడదీసి, రెండు చేతులతో పైకెత్తి వెలుగుకేసి పట్టుకున్నాడు. లోపల ఈకల్లాంటి గీతలు అంచు నుంచి మధ్యకి వెళ్తున్నాయి. ఫ్యాక్టరీ ఐసులో అవి ఉండవని నాకప్పటిదాకా తెలీదు. అతను దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఏ వాసనా లేదర్రా," అన్నాడు.

చెల్లెలు అతని చేతికి క్లిప్పు పెట్టి, అంకె చూసి, చెప్పకుండా తీసేసింది. బస్సులో అడిగితే నూట పద్దెనిమిది అంది.

"ఒరే, ఫోటో తియ్యండ్రా, సేతిలో కరిగిపోతంది," అన్నాడు రైల్వేవాడు. తీశాం. ముసలావిడ కోళ్ళని వదిలి వచ్చి చూసి, ఇంతేనా అన్నట్టు తలూపి, పళ్ళేల కింద గడ్డి తడవకముందే ఆవులకి వెయ్యాలని తీసుకుపోయింది. మిగతా పళ్ళేలు చూశాను. గడ్డి మీదివి నాలుగూ కట్టాయి. చెట్టు కిందిదీ అరుగు మీదిదీ కట్టలేదు. గడ్డి దగ్గర ప్రోబు మైనస్ 0.9, అరుగు దగ్గరిది 5.4.

"ముందిది కొలవరా," అన్నాడు మేష్టారు. ఐసు ఇంకా అతని చేతుల్లోనే ఉంది, మోచేతుల మీదుగా నీళ్ళు కారుతున్నాయి. "పిల్లలడుగుతారు, ఎంతుంది సార్ అని."

కాలిపర్ వెచ్చగా ఉంటే తప్పు చూపిస్తుందని ముందు పళ్ళెంలో చల్లబరిచాను. మూడు చోట్ల కొలిచాను. 2.30, 2.42, 2.36. సగటు మందం 2.36 మిల్లీమీటర్లు.